ముందు నంబరు, తర్వాతే రంగు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వో పాత గార్డెన్ ట్రాక్టర్ కొని తెచ్చావని, వచ్చే ఆదివారం దాన్ని మొత్తం గీకేసి రంగు వేస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెయ్యి నల్లబడే పనికి దిగావని తెలిసి సంతోషించాను. కానీ ‘గీకేసి’ అన్న మాట వినగానే గుండె ఝల్లుమంది. అందుకే రాత్రికి రాత్రే ఈ ఉత్తరం.

ఒరేయ్, గీకకు. అది ఏ మోడలో, ఏ ఏడుదో తేలేదాకా వైర్ బ్రష్, గ్రైండర్, ఇసుక చిమ్మే మిషన్ ఏదీ దాని దరిదాపుల్లోకి రానివ్వకు. బండి జాతకమంతా అరచేతిలో సగం ఉండే ఒక ప్లేటు మీద ఉంటుంది. అందులో అంకెల లోతు మహా అయితే కాగితం మందం. గ్రైండర్ కప్పు ఒక్కసారి తాకితే చాలు, ఇక అది ఎవరి బండో ఎవరూ చెప్పలేరు.

బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీసి, పెట్రోలు వంపేసి, చక్రాలకు అడ్డం పెట్టి మొదలుపెట్టు. కిందికి దూరాల్సి వస్తే జాకీని నమ్మకు, స్టాండ్లు పెట్టు. ఇవి నీకు తెలిసినవే.

ప్లేటు ఎక్కడుంటుందంటే, కంపెనీని బట్టి మారుతుంది. సీటు ఎత్తి దాని కింద చూడు. స్టీరింగ్ నిలబడే డబ్బా రేకు మీద, వెనక గేర్ హౌసింగ్ మీద, షాసీ వెనక పట్టీ మీద, పెట్రోలు ట్యాంకు అడుగున వెతుకు. అరవై ఏళ్ల గ్రీజు, మట్టి కలిసి రాయిలా గట్టిపడి ఉంటాయి. లోహపు ప్లేటైతే గుడ్డకి కిరోసిన్ తడిపి పావుగంట కప్పి ఉంచి, మెత్తని పళ్ల బ్రష్‌తో రుద్దు. అతికించిన స్టిక్కరైతే మాత్రం కిరోసిన్, థిన్నర్ ఏవీ వద్దు. అచ్చు కరిగి గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది. వీల్ హార్స్ అనే కంపెనీ బళ్ల మీద తరచు ఇలాంటి స్టిక్కరే ఉంటుంది, దానికి సబ్బునీళ్లు చాలు. అంకెలు కనపడకపోతే గది చీకటి చేసి టార్చ్‌ని ప్లేటుకి దాదాపు ఆనించి అడ్డంగా వెలుగు పడేలా పట్టు. ఎదురుగా పడే వెలుతురులో కనిపించని గీత, పక్కనుంచి పడే వెలుతురులో నీడతో లేస్తుంది. పలచని కాగితం పెట్టి పెన్సిల్‌తో మెల్లగా రుద్ది అచ్చు కూడా తీసుకో. ఫొటోలో 3కీ 8కీ తేడా పోతుంది, పెన్సిల్ అచ్చులో పోదు.

ఇక్కడే ఇంకో తికమక. గేర్ హౌసింగ్ మీద పోతలోనే ఉబ్బుగా లేచిన పెద్ద అంకెలు కనిపిస్తాయి. అది సీరియల్ నంబరు కాదు, మోడల్ నంబరు కూడా కాదు, ఆ పోత ముక్క నంబరు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ల ముక్కల మీద నంబరు చివర ‘ఆర్1’, ‘ఆర్2’ అని ఉంటుంది. అంటే ఆ ముక్కని ఎన్నిసార్లు మార్చి గీశారో చెప్పే గుర్తు, అంతే. ఉబ్బుగా ఉంటే పోత, లోపలికి గుద్ది ఉంటే సీరియల్ అనుకుని మొదలుపెడితే చాలావరకు దారి తప్పవు. పోత తేదీ కనిపిస్తే రాసిపెట్టుకో. కానీ ఇనుము పోసిన నాటికీ బండి బిగించిన నాటికీ మధ్య వారాలు, నెలలు గడుస్తాయి. బండి ఆ తేదీకంటే పాతది కాదు అనేంతవరకే అది సాక్ష్యం.

ప్లేటే లేదా? అప్పుడు రంగు సంగతి మర్చిపోయి ఎముకలు చూడు. ఇంజన్ నుంచి వెనక గేర్ బాక్స్‌కి బలం బెల్టుతో పోతోందా, ఇనుప షాఫ్టుతో పోతోందా? షాఫ్టుతో పోతూ, వెనక బరువైన పోత ఇనుప హౌసింగ్ ఉంటే కబ్ క్యాడెట్ అని ముందు అనుమానించు. 1961లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్లు దాన్ని మొదలుపెట్టినప్పుడు 7 హెచ్‌పీ (హార్స్ పవర్) ఉన్న కోలర్ కంపెనీ ఇంజన్ పెట్టారు. 1981లో ఆ వ్యాపారం ఎంటీడీ అనే కంపెనీ చేతికి వెళ్లింది. క్లచ్ జాడ లేకుండా ఆయిల్ పంపు, ఆయిల్ మోటారు, రెండింటి మధ్యా లావు గొట్టాలు కనిపిస్తే కేస్ అనే కంపెనీ బండి కావచ్చు. ఆ కంపెనీ 1964లో కోల్ట్ అనే కంపెనీని కొని ఈ రంగంలోకి వచ్చింది. నారింజ రంగు అల్లిస్-చామర్స్ బి-1 అని తేలితే, దాని కవల సింప్లిసిటీ అనే కంపెనీ పేరుతో ఉందని గుర్తుంచుకో. 1961లో ఆ బండిని అల్లిస్ కోసం తయారుచేసింది సింప్లిసిటీనే, 1965లో అల్లిస్ ఆ కంపెనీనే కొనేసింది కూడా. కాబట్టి ఒక రంగు బండికి దొరకని ముక్క ఇంకో రంగు బండి మీద దొరుకుతుంది. సియర్స్ (అమ్మిన కంపెనీ, తయారుచేసింది వేరేవాళ్లు) పేరు ఉంటే మోడల్ నంబరులో చుక్కకి ముందున్న మూడంకెలు చూడు. 917 అంటే తయారుచేసింది రోపర్.

జాన్ డీర్ 110 అయితే నీ పని సులువు. వెనక మడ్‌గార్డులు గుండ్రంగా ఉంటే 1963 నుంచి 67 లోపు, పలకగా ఉంటే 1968 నుంచి 74 లోపు. తెల్లటి ఒంటి మీద ఎరుపో, నీలమో, నారింజో బానెట్ ఉంటే ఎవరో సరదాకి రంగు మార్చారనుకుని గీకేవు! 1969 నుంచి 71 దాకా కంపెనీయే అలా అమ్మింది, వాటిని ప్యాటియో ట్రాక్టర్లంటారు. ఆ అసలు రంగు మీద నువ్వు మామూలు ఆకుపచ్చ రంగు కొట్టావని తెలిస్తే నీతో ఆరు నెలలు మాట్లాడను.

మోడల్ నంబరు చదవడంలో ఒక కంపెనీ లెక్క ఇంకో కంపెనీకి పనికిరాదు. వీల్ హార్స్‌లో 1960ల మొదటి సగంలో చివరి అంకె ఏడాదిని చెబుతుంది. 702 అంటే 7 హెచ్‌పీ, 1962. 1054 అంటే 10 హెచ్‌పీ, 1964. ఇదే లెక్క కబ్ క్యాడెట్ 124కి వేస్తే 1964 అని వస్తుంది, అది తప్పు. ఆ బండి 1967లో మొదలైంది. అక్కడ 12 అంటే హార్స్ పవర్, చివరి 4 అంటే గేర్ల బండి. దాని పక్కనే 125 ఉంది, అది హైడ్రోస్టాటిక్, అంటే గేర్లకు బదులు ఆయిల్ ఒత్తిడితో నడిచేది. 122, 123 జత కూడా అంతే. జాన్ డీర్ 112 వచ్చినప్పుడు అందులో ఉన్నది 10 హెచ్‌పీ. అక్కడ 12 దేన్నీ చెప్పదు!

ఇప్పుడు అసలు సంగతి. మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోకు.

ఇంజన్ మీద ఉన్న చీటీని నమ్మి బండికి పేరు పెట్టకు. కోలర్ కె వరుస ఇంజన్లలో మోడల్, స్పెసిఫికేషన్, సీరియల్ నంబర్లున్న చీటీ ఇంజన్ బ్లాక్ మీద ఉండదు, గాలి కోసం చుట్టూ బిగించిన రేకు తొడుగు మీద ఉంటుంది. ఆ తొడుగు నాలుగు బోల్టులు విప్పితే ఊడివస్తుంది. కె241, కె301, కె321 మూడింటికీ అదే తొడుగు సరిపోతుంది. సొట్టపడిన తొడుగు తీసేసి, మూలపడిన ఇంకో ఇంజన్ తొడుగు తెచ్చి బిగించడం యాభై ఏళ్లుగా జరుగుతున్నదే. చీటీ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. పుట్టింటి పేరు పోయి అత్తింటి పేరు వచ్చినట్టు, ఆ రోజు నుంచి 14 హెచ్‌పీ ఇంజన్ 12 హెచ్‌పీగా చెలామణీ అవుతుంది.

తర్వాత ఏమవుతుందో చూడు. చీటీ మీద కె301 (12 హెచ్‌పీ) అని ఉంది కదా అని 3 3/8 అంగుళాల బోర్‌కి, అంటే సిలిండర్ లోపలి వెడల్పుకి, పిస్టన్ రింగుల సెట్టు తెప్పిస్తారు. లోపల నిజంగా ఉన్నది కె321 (14 హెచ్‌పీ), దాని బోర్ 3 1/2 అంగుళాలు. బయటికి రెండూ ఒక్క పోలికే. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) కూడా ఒకటే, 3 1/4 అంగుళాలు. తేడా బోర్‌లో 1/8 అంగుళం, అంతే. రింగుని బోర్‌లోకి దింపి, పిస్టన్‌ని తలకిందులుగా పట్టి ఒక అంగుళం లోపలికి నెట్టి చూస్తే, కొసల మధ్య గోరు పట్టేంత సందు ఉండాల్సిన చోట 10 మిల్లీమీటర్ల ఖాళీ కనిపిస్తుంది. బోర్ అరిగిపోయిందేమో అనుకుంటాం. అరుగుదల అంత ఉండదు రా, బోర్‌ని అంగుళంలో వెయ్యింట 30 వంతులు పెంచి కోయించినా 0.76 మిల్లీమీటరే. అయినా ఆ పూట ఆ మాట తట్టదు. బ్లాక్‌ని తీసుకెళ్లి కోయిస్తారు, దానికి తగిన పిస్టన్ కోసం తిరుగుతారు, అప్పుడు గాని తెలియదు పొరపాటు చీటీదని. ఇంత వివరంగా ఎలా తెలుసని మాత్రం అడగకు.

అదే చీటీతో ఏడాది లెక్క వేస్తే ఇంకా అన్యాయం. ఆ సీరియల్ నంబరు తొడుగు ఇచ్చిన ఇంజన్ వయసు చెబుతుంది. దాన్ని పట్టుకుని 1965 బండిని 1972 బండి అంటారు. బానెట్ మీద ఆ ఏడాదికి తగ్గ స్టిక్కర్లు కూడా అతికిస్తారు. తర్వాత వచ్చినవాడు ఆ స్టిక్కర్లు చూసి, ఇంజన్ చీటీ చూసి, రెండూ కలిశాయి కదా అని ఖాయం చేసేస్తాడు. ఒక తప్పుని రెండో తప్పు సాక్ష్యంగా బలపరుస్తుంది.

కాబట్టి హెడ్ (సిలిండర్ పైమూత) విప్పి బోర్‌ని వెర్నియర్‌తో కొలువు. 82.55 మిల్లీమీటర్లయితే కె241, 85.7 అయితే కె301, 88.9 అయితే కె321, 95.25 అయితే కె341. కాస్త ఎక్కువ వస్తే ఒకసారి కోయించిన ఇంజన్ అనుకో, పక్క మోడల్ అనుకోకు. తిరిగి బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేసి, మధ్యనుంచి బయటికి వంతులవారీగా బోల్టుల బిగింపుని 25 నుంచి 30 అడుగు-పౌండ్లకి తీసుకురా. ఒక్కసారిగా బిగిస్తే హెడ్ వంగుతుంది.

ఇంజన్ బండితో పుట్టిందా, మధ్యలో వచ్చిందా అన్నది షాసీయే చెబుతుంది. ఇంజన్ కూర్చునే చోట వాడని రంధ్రాలున్నాయా చూడు. కంపెనీ వేసిన రంధ్రం అంచు సాఫీగా ఉండి లోపల కూడా రంగు పాకి ఉంటుంది. తర్వాత డ్రిల్‌తో వేసింది గరుకుగా, లోపల రంగు లేకుండా ఉంటుంది. చోక్ కేబుల్ మరీ పొడుగై చుట్టలు చుట్టుకుని ఉన్నా, సైలెన్సర్ కోసం బానెట్‌ని రంపంతో కోసినా మార్పిడి జరిగినట్టే.

ఇంజన్ తేదీ ఎలా చదవాలో మాత్రం తెలుసుకో, పనికొస్తుంది. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ అయితే రేకు మీద మోడల్, టైప్, కోడ్ అని మూడు నంబర్లు గుద్ది ఉంటాయి. కోడ్ 68042510 అని ఉంటే 1968, ఏప్రిల్ 25. మోడల్‌లో ఆరంకెలుంటే మొదటి రెండూ ఇంజన్ పరిమాణం, క్యూబిక్ అంగుళాల్లో. 243431 అంటే 24. టెకంసే అయితే సీరియల్‌లో మొదటి అంకె ఏడాది చివరి అంకె, తర్వాతి మూడూ ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి. 4123 అంటే 123వ రోజు. కానీ 1964దా, 1974దా అన్నది అంకె చెప్పదు, బండే చెప్పాలి. డెల్కో-రెమీ స్టార్టర్ జెనరేటర్ ప్లేటు మీద 5డి12 లాంటిది ఉంటే 5తో ముగిసే ఏడాది, ఏప్రిల్ 12. నెలకి ‘ఏ’ నుంచి అక్షరం వాడతారు, ‘ఐ’ని వదిలేస్తారు, డిసెంబరు ‘ఎం’ అవుతుంది. స్టార్టర్ కూడా మారి ఉండొచ్చు. అయినా ఇంజన్, స్టార్టర్, పోత తేదీ మూడూ ఒకే ఏడాది చుట్టూ తిరిగితే ధైర్యంగా ఉండు. ఒకటి దూరంగా ఉంటే అదే పరాయిది.

కంపెనీ సీరియల్ చార్టుతో పోల్చేటప్పుడు మోడల్ ఏడాది వేరు, క్యాలెండర్ ఏడాది వేరు అని గుర్తుపెట్టుకో. వచ్చే ఏడాది మోడల్‌ని ఈ ఏడాది చివర్లోనే బిగించడం మామూలే. టైర్లతో వయసు కట్టకు, అవి చెప్పుల్లాంటివి.

అసలు రంగు చూడాలని నీకు ఆత్రం కదా. బ్యాటరీ తట్ట కింద, డ్యాష్‌బోర్డు వెనక చూడు, అక్కడికి ఎవడి బ్రష్షూ పోదు. బయట చూడాలంటే కనపడని మూల రూపాయి బిళ్లంత చోట 600 నంబరు కాగితంతో నీళ్లు పోస్తూ గుండ్రంగా రుద్దు. చెట్టు మొద్దు నరికితే కనపడే వలయాల్లా ఒక్కో పొరా తేలుతుంది. అన్నిటికంటే లోపల, ప్రైమర్‌ని ఆనుకుని ఉన్నదే కంపెనీ రంగు. అంతవరకే గీకు. దానికి అనుమతి ఇస్తున్నాను.

ఆదివారం రంగు డబ్బా మూత తియ్యకు. వెనక హౌసింగ్ ఫొటో, మడ్‌గార్డు ఫొటో, ఇంజన్ కూర్చున్న చోట రంధ్రాల ఫొటో, ప్లేటు పెన్సిల్ అచ్చు నాకు పంపు. బానెట్ ఫొటో వద్దు, దాని మాట నాకు అక్కర్లేదు. హెడ్ విప్పే రోజు ముందుగా చెప్పు, ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటాను. పాత చొక్కా వేసుకో. కొత్తదానికి గ్రీజు అంటితే మీ అమ్మ నన్నే తిడుతుంది.

మీ మామయ్య