మోకాళ్ళ నొప్పంటే గీత చెబుతారు

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 66 ఏళ్ళు. మావారు కాలేజీలో ఫిలాసఫీ చెప్పి రిటైరయ్యారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన చేతిలో భారతమో, ఉపనిషత్తులో, ప్లేటోనో ఉండాల్సిందే. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేకపోతున్నానంటే 'సుఖదుఃఖాలు సమానంగా చూడాలి' అంటారు. ఇల్లు ఆయన పేరు మీదుంది. కాగితాల సంగతి తేల్చమంటే 'ఎవరిల్లు ఎవరిది?' అని నవ్వుతారు. ఒళ్ళు మండి, ఆ పుస్తకాలన్నీ పాత పేపర్ల అంగడికి వేసేస్తానన్నాను. అప్పట్నుంచీ మాటల్లేవు.

జవాబు: అమ్మా, న్యాయం మీ వైపే ఉంది. కానీ ఆ అంగడి మాటతో అలిగే హక్కు ఆయనకొచ్చింది. 'కోపంలో అన్నాను, వెయ్యను' అని చెప్పేయండి. అంతకు మించి బతిమాలక్కర్లేదు.

సుఖదుఃఖాలు సమానమన్నది ఎవరి నొప్పికి వాళ్ళు చెప్పుకోవాల్సిన మాట. పక్కవాళ్ళ మోకాలికి చెబితే అది తప్పించుకోవడమే. ఇది ఆయనకు తెలీదా? యుద్ధం అయ్యాక ధర్మరాజు రాజ్యం వద్దు, అడవికి పోతానంటే తమ్ముళ్ళతోపాటు ద్రౌపదీ గట్టిగానే మందలించింది. ఉపనిషత్తులో యాజ్ఞవల్క్య మహర్షి ఇల్లు విడిచి వెళ్ళబోతూ, ముందు తన ఇద్దరు భార్యలు మైత్రేయికీ కాత్యాయనికీ ఆస్తి పంచుతానన్నాడు. అమృతత్వం గురించి అడిగి మైత్రేయి పేరు తెచ్చుకుంది గానీ, నాకెప్పుడూ కాత్యాయని మీదే జాలి. అంతటి జ్ఞానికీ ఇంటి లెక్క తేల్చాలని తోచింది చూడండి. ఈ రెండు ఘట్టాలూ చదివి వినిపించమని మీవారినే అడగండి. దెప్పినట్టు కాకుండా, నిజంగా వినాలని అడగండి. జీవితమంతా పాఠం చెప్పిన మనిషి, కాదనలేరు.

ఇక 'నన్ను పట్టించుకోరు' అనడం మానేయండి. దానికి ఆయన దగ్గర శ్లోకం రెడీగా ఉంటుంది. 'సోమవారం పొద్దున బర్డ్ ఆస్పత్రికి పోవాలి, ఓపీ చీటీ మీరే రాయించాలి' అనండి. దానికి శ్లోకం లేదు. టీటీడీ వాళ్ళ ఎముకల ఆస్పత్రి మీ ఊళ్ళోనే ఉంది కదా. ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పేది ఆయన చెవిన కూడా పడాలి.

ఇంటికి వీలునామా చాలు. తెల్ల కాగితం మీదైనా చెల్లుతుంది. ఆయన సంతకం చేస్తుండగా చూసిన ఇద్దరు సాక్షులు కూడా సంతకాలు పెట్టాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే తర్వాత టెన్షన్ తక్కువ.

సోమవారం ఆయన కదలకపోతే ఆటో మాట్లాడుకుని మీరే వెళ్ళండి. వీలునామా సంగతి మాత్రం, ఆయన ఎన్నిసార్లు నవ్వినా, అడగడం ఆపకండి.