వేడి గ్రహానికి డిగ్రీలు రాసేముందు అక్కడ గాలి ఉందో లేదో తేల్చుకోండి

టేబుల్ చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో 450 డిగ్రీల గ్రహం పెట్టి, టర్న్‌కి (ఒక్కో వంతుకి) ఇంత డ్యామేజీ అని రాసినా ప్లేయర్లకు అది మామూలు ఎడారిలాగే ఉందని గేమ్ నడిపేవాళ్లు అంటున్నారు. డిగ్రీలు ఒక్కటే చెబితే అంతే. దాదాపు అంతే వేడి మన సౌరకుటుంబంలోనే రెండు చోట్ల ఉంది: బుధుడి మీద పగలు 430, శుక్రుడి మీద రాత్రీపగలూ 465 సెల్సియస్. కానీ ఆ రెండు చోట్లా మనిషి చచ్చే తీరు వేరు.

బుధుడి మీద చెప్పుకోదగ్గ గాలి లేదు, కాబట్టి నీడ దొరికితే ప్రాణం దక్కుతుంది. అక్కడ ఒక పొద్దు నుంచి మరో పొద్దుకు మన లెక్కలో 176 రోజులు. అంటే మధ్యరేఖ దగ్గర వెలుగు అంచు సగటున గంటకు 3.6 కిలోమీటర్లు జరుగుతుంది, రోజుకు 87. రోవర్ (గ్రహం మీద తిరిగే బండి) చెడిపోయి, ఆ వెలుగుకి అందకుండా చీకట్లోనే ఉండాలని నడిచే జట్టు గంటకు 5 చొప్పున 16 గంటలు నడిచి 8 గంటలు పడుకుంటే 80 కిలోమీటర్లే అవుతుంది. రోజుకు 7 కిలోమీటర్లు వెనకబడుతున్నారన్నమాట. నిద్ర తగ్గించుకుంటారా, సామాను పారేస్తారా? డైస్ వేయకుండానే టేబుల్ వేడెక్కుతుంది.

శుక్రుడి మీద నీడ పనికిరాదు. భూమి మీదకన్నా 92 రెట్లు ఒత్తిడి ఉన్న కార్బన్ డయాక్సైడ్ నాలుగు వైపులనుంచీ కాలుస్తుంది. సూట్‌లోని వేడిని బయటికి పంపడం చాలా కష్టం, ఎందుకంటే బయటే ఎక్కువ వేడి. శూన్యంలో అపోలో సూట్లు నీటిని ఆవిరిగా వదిలి చల్లబడేవి. ఇక్కడ ఆ ఒత్తిడికి నీళ్లు 300 డిగ్రీలు దాటితేగానీ మరగవు, కాబట్టి ఆ ఉపాయం చెల్లదు. చల్లదనాన్ని వెంట మోసుకెళ్లాల్సిందే. శుక్రుడి మీదకి పంపిన సోవియట్ వెనెరా ల్యాండర్లను (నేల మీద దిగే నౌకలను) దిగేముందే బాగా చల్లబరిచి పంపేవారు. 32 నిమిషాలకని తయారుచేసిన వెనెరా 13, 1982లో 127 నిమిషాలు పనిచేసింది.

కాబట్టి హిట్ పాయింట్లు (పాత్రకు మిగిలిన ప్రాణబలం లెక్క) వదిలేసి మంచు లెక్క పెట్టండి. ఒంటి వేడి, మోటార్లు, ఇన్సులేషన్‌లోంచి దూరేది కలిపి 500 వాట్లు అనుకుంటే, కిలో మంచు కరగడానికి 11 నిమిషాలు. సూట్‌కి 20 కిలోలు ఇస్తే, కిలోకి ఒకటి చొప్పున 20 టోకెన్లు, అంటే సుమారు 3 గంటల 40 నిమిషాలు. డ్రిల్లింగ్ లాంటి బరువు పనికి టర్న్‌కి రెండు టోకెన్లు. ఇన్సులేషన్ చిరిగితే ఆ తర్వాత ప్రతి టర్న్‌కీ రెండు. తిరుగు ప్రయాణానికి ఎన్ని కావాలో ప్లేయర్లనే లెక్కేసుకోనివ్వండి.

ఎక్కువమంది తప్పేది సామాన్ల దగ్గర. సీసం 327కి, జింక్ 419కి కరుగుతాయి. అల్యూమినియం 660 దాకా కరగదు గానీ అంతకు చాలా ముందే బలం కోల్పోతుంది, కాబట్టి అల్యూమినియం నిచ్చెన చూడ్డానికి బాగానే ఉండి, మనిషి ఎక్కగానే వంగిపోవాలి.

నేల మీద యాసిడ్ వాన మాత్రం పెట్టకండి. శుక్రుడి సల్ఫ్యూరిక్ యాసిడ్ చినుకులు కిందికి చేరకముందే ఆవిరైపోతాయి. యాసిడ్ కావాలంటే స్థావరాన్ని 50-55 కిలోమీటర్ల ఎత్తున, మేఘాల్లో తేలించండి. అక్కడ ఒత్తిడి భూమిమీది ఒత్తిడికి దగ్గర్లో ఉంటుంది, మనం పీల్చే గాలే బెలూన్‌ని పైకి లేపుతుంది.