మారిషస్‌లో పార్టీలు ఒంటరిగా ఎందుకు పోటీ చేయవు?

2024 నవంబరులో మారిషస్ ప్రధాన ద్వీపంలోని 60 స్థానాలకు 60 ప్రతిపక్ష కూటమే గెలుచుకున్న వార్త చూసి, అక్కడ పార్టీలు అంత బలహీనంగా ఉన్నాయా, స్వాతంత్ర్యం తరువాత అవి ఎలా ఎదిగాయి, మన తెలుగువారికి వాటిలో చోటు ఉందా అని కొందరు నన్ను అడిగారు. ఒక వస్త్ర పరిశ్రమ లెక్కల విభాగంలో ఉద్యోగం చేస్తూ కొన్నేళ్లు కాత్ర్ బోర్న్ పట్టణంలో ఉన్నాను. 2014 ఎన్నికలు నేను అక్కడ ఉండగానే జరిగాయి. అక్కడి పార్టీలు బలహీనమైనవని నేను అనుకోను. అయితే పొత్తు లేకుండా నిలబడే అలవాటు వాటికి ఏర్పడలేదు. ఆ అలవాటు ఎందుకు ఏర్పడలేదో తెలియాలంటే స్వాతంత్ర్యానికి ముందు నుంచి మొదలుపెట్టాలి.

మారిషస్‌లో మొదటి పెద్ద పార్టీ చెరకు తోటల నుంచి వచ్చింది. 1834 తరువాత భారతదేశం నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లిన లక్షల మందిలో బిహారీలతో పాటు తమిళులు, మరాఠీలు, కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన మనవాళ్లు కూడా ఉన్నారు. వారి పిల్లలు, మనవలు తోటల్లోనే కూలీలుగా మిగిలిపోయిన రోజుల్లో, 1936లో వైద్యుడు మోరిస్ క్యూరే లేబర్ పార్టీని స్థాపించారు. మరుసటి సంవత్సరమే తోటల్లో అల్లర్లు, కాల్పులు జరిగాయి. 1943 సెప్టెంబరులో బెల్ వ్యూ ఆరెల్ తోటలో పోలీసు కాల్పులకు బలైనవారిలో అంజలై కుప్పన్ అనే గర్భిణి కూడా ఉన్నారు. అక్కడి క్రీడా మైదానానికి ఈనాటికీ ఆమె పేరే ఉంది.

అప్పటికి ఓటు ఆస్తిపరులది. 1948 ఎన్నికల నాటికి, ద్వీపంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా సులభమైన వాక్యాలు చదివి రాయగలిగినవారికి ఓటు ఇచ్చారు. దాంతో సుమారు 12 వేలుగా ఉన్న ఓటర్ల సంఖ్య ఒక్కసారిగా 70 వేలు దాటింది. బైఠకా అని పిలిచే గ్రామ సమావేశ స్థలాల్లో రాత్రిపూట దీపం పెట్టుకుని అక్షరాలు దిద్దినవారే ఆ కొత్త ఓటర్లు. బసదేవ్ బిసున్‌దయాల్, ఆయన సోదరుడు సుఖదేవ్ నడిపిన ఉద్యమం వెనుక ఉన్నదీ ఈ బైఠకాలే. మాతృభాష, ప్రార్థన, ఓటు అక్కడ ఒకే గదిలో నేర్చుకున్నారు కాబట్టి, పార్టీకీ సామాజిక వర్గానికీ మధ్య గీత గీయడం మొదటి నుంచీ కష్టమే అయింది.

1959లో వయోజనులందరికీ ఓటు వచ్చేసరికి పార్టీలు నాలుగు తావుల్లో స్థిరపడ్డాయి. శివసాగర్ రామ్‌గులామ్ నాయకత్వంలోని లేబర్ పార్టీకి ప్రధానంగా హిందువుల మద్దతు ఉండేది. సుఖదేవ్ బిసున్‌దయాల్ ఇండిపెండెంట్ ఫార్వర్డ్ బ్లాక్ గ్రామీణ హిందువుల్లోనే మరో గొంతుగా నిలిచింది. అబ్దుల్ రజాక్ మొహమ్మద్ పార్టీ ముస్లింలది. జూల్ కోనిగ్, ఆ తరువాత గాయెతాన్ దువాల్ నడిపిన పి.ఎం.ఎస్.డి. (మారిషస్ సోషల్ డెమొక్రటిక్ పార్టీ) వైపు క్రియోల్‌లు (ప్రధానంగా ఆఫ్రికా మూలాలవారు), ఫ్రెంచి మూలాలవారు ఎక్కువగా ఉండేవారు. మొదటి మూడూ కలిసి స్వాతంత్ర్యం కావాలన్నాయి, నాలుగోది వద్దన్నది. 1967 ఆగస్టు ఎన్నికల్లో స్వాతంత్ర్య కూటమికి 39, పి.ఎం.ఎస్.డి.కి 23 స్థానాలు వచ్చాయి. స్వాతంత్ర్యాన్ని వ్యతిరేకించిన పార్టీకి దాదాపు 44 శాతం ఓట్లు పడ్డాయన్నది ఎవరూ మరచిపోకూడని విషయం. 1968 మార్చి 12న జెండా ఎగరడానికి రెండు నెలల ముందే పోర్ట్ లూయిస్‌లో క్రియోల్, ముస్లిం వర్గాల మధ్య అల్లర్లు చెలరేగి ప్రాణాలు పోయాయి, బ్రిటిష్ సైన్యం దిగవలసి వచ్చింది. అలాంటి దేశంలో 1969లో రామ్‌గులామ్ తనను అంత తీవ్రంగా ఎదిరించిన దువాల్‌ను పిలిచి మంత్రివర్గంలో చేర్చుకున్నారు. పదవుల పంపకమని దీన్ని కొట్టిపారేసేవారు ఉన్నారు కానీ, 44 శాతం మందిని బయటే నిలబెట్టి ఆ చిన్న ద్వీపాన్ని పాలించడం సాధ్యమయ్యేది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. నిన్నటి ప్రత్యర్థిని నేడు కలుపుకోవడం అక్కడ తప్పు కాదన్న సంప్రదాయం అలా మొదలైంది.

ఆ సంప్రదాయానికి నియమాల అండ కూడా ఉంది. ప్రధాన ద్వీపంలో 20 నియోజకవర్గాలు, ఒక్కొక్క దానికి ముగ్గురు సభ్యులు, రోడ్రిగ్స్ ద్వీపానికి ఇద్దరు, వెరసి 62. ఓటరు ఒకే బ్యాలట్ మీద ముగ్గురికి ఓటు వేయాలి. కూటమి నిలబెట్టిన ముగ్గురికీ కలిపి వేయడాన్ని అక్కడ బ్లాక్ ఓటు అంటారు. గాలి ఒకవైపు వీచిందంటే ఒక్కో నియోజకవర్గమూ మూడు సున్నాగా పడిపోతుంది. 1982లో, 1995లో, మళ్లీ 2024లో 60–0 వచ్చింది ఇలాగే. 2024లో గెలిచిన కూటమికి వచ్చిన ఓట్లు సుమారు 63 శాతం. అంటే నూటికి ముప్పై ఏడుగురు వేరేవైపు వేసినా ప్రధాన ద్వీపంలోని ఆ 60 స్థానాల్లో ఒక్కటీ వారికి దక్కలేదు.

ఈ లోపం కొంత సర్దడానికే 1966లో, ఎన్నికల పద్ధతిని పరిశీలించిన బాన్‌వెల్ కమిషన్ సిఫారసుల దరిమిలా ‘బెస్ట్ లూజర్’ పద్ధతి వచ్చింది. ఓడినవారిలో మెరుగైన ఓట్లు తెచ్చుకున్న అభ్యర్థులకు ఎనిమిది వరకు అదనపు స్థానాలు ఇస్తారు. వాటిలో మొదటి నాలుగు, సభలో తక్కువ ప్రాతినిధ్యం దక్కిన వర్గాలకు పార్టీతో నిమిత్తం లేకుండా వెళతాయి. మిగిలిన వాటిని పార్టీల మధ్య తూకం చెడకుండా సర్దుతారు. హిందూ, ముస్లిం, చైనా మూలాలవారు, వీరెవరూ కానివారందరితో కూడిన ‘జనరల్ పాపులేషన్’ అని రాజ్యాంగం నాలుగు వర్గాలను గుర్తిస్తుంది. అభ్యర్థి తాను ఏ వర్గమో నామినేషన్ పత్రంలోనే రాయాలి. మన దగ్గర సామాజిక సమీకరణ పార్టీ కార్యాలయంలో గుసగుసగా జరుగుతుంది, అక్కడ అది రాజ్యాంగంలోనే అచ్చయి ఉంది. పైగా లెక్కకు ఆధారం ఈనాటికీ 1972 జనాభా గణనే. ఆ తరువాతి గణనల్లో వర్గం అడగడం మానేశారు.

ఈ లెక్క సామాన్యుడి చేతిలో ఎలా ఉంటుందో నేను ఉద్యోగం చేసిన చోటే చూశాను. మా విభాగంలో తెలుగు మూలాలున్న ఒక పెద్దాయన ఉండేవారు. ఇంట్లో క్రియోల్ భాష మాట్లాడేవారు, ఉగాదికి ఆలయానికి వెళ్లేవారు, మనుమరాలికి బడిలో తెలుగు అక్షరాలు నేర్పిస్తున్నందుకు ఎంతో మురిసిపోయేవారు. అభ్యర్థుల జాబితా పత్రికలో వచ్చిన ఉదయం ఆయన దాన్ని బల్ల మీద పరిచి, నియోజకవర్గం తరువాత నియోజకవర్గంగా ముగ్గురేసి పేర్ల పక్కన పెన్సిలుతో చిన్న చిన్న గుర్తులు పెట్టుకుంటూ వెళ్లారు. ఏ పేరు ఏ వర్గానిదో, హిందువుల్లోనూ ఎవరు హిందీ మూలాలవారో, ఎవరు తమిళులో, ఎవరు మనవారో ఆయనకు ఇంటిపేరు చూస్తేనే తెలిసిపోయేది. “బాబూ, రాజ్యాంగం మనల్ని హిందువుల్లో కలిపేసింది కాబట్టి బెస్ట్ లూజర్ మనకు పనికిరాదు. పార్టీవాళ్లు టికెట్ ఇస్తేనే మనం కనబడతాం” అని ఆయన నాతో అన్నారు. తెలుగు, తమిళ, మరాఠీ సంఘాలు ప్రతి ఎన్నికకు ముందు ప్రతి పార్టీ తలుపూ తట్టడానికి కారణం ఇదే. మూడు పేర్లలో ఒకటి ఎవరిది అన్న ప్రశ్నకు సమాధానం దొరికేది పొత్తులోనే, ఎందుకంటే ఒక్క పార్టీ దగ్గర అన్ని వర్గాల్లోనూ గెలవగల మనుషులు సాధారణంగా ఉండరు.

అయినా వర్గం దాటి మాట్లాడిన పార్టీ ఒకటి పుట్టకపోలేదు. 1969లో పాల్ బెరాంజే, దేవ్ వీరాస్వామి, జునీద్ జీరుబర్ఖాన్ కలిసి స్థాపించిన ఎం.ఎం.ఎం. (మారిషస్ మిలిటెంట్ మూవ్‌మెంట్) ధనిక, పేద వర్గాల మధ్య పోరాటమే తప్ప జాతుల మధ్య పోరాటం వద్దన్నది, రేవు కార్మికులను, బస్సు కార్మికులను సంఘటితం చేసింది. వీరిలో వీరాస్వామి తెలుగు మూలాలున్న కుటుంబంలో పుట్టినవారు, తరువాతి కాలంలో క్రియోల్ భాషకు పెద్ద రచయితగా పేరుపొందినవారు. 1970లో ట్రియోలే ప్రాంతంలో, అంటే సాక్షాత్తు ప్రధానమంత్రి నియోజకవర్గంలో, ఉప ఎన్నిక గెలిచి ఆయన ప్రభుత్వాన్ని కుదిపేశారు. ప్రభుత్వం అత్యవసర పరిస్థితి విధించి ఎం.ఎం.ఎం. నాయకులను నిర్బంధించింది, సాధారణ ఎన్నికలను 1976 దాకా వాయిదా వేసింది. మారిషస్ ప్రజాస్వామ్యాన్ని పొగిడేవారు ఈ ఏళ్లను దాటవేయడం నాకు బాధ కలిగిస్తుంది. 1976లో ఎం.ఎం.ఎం. 34 స్థానాలతో అతిపెద్ద పార్టీగా నిలిచినా లేబర్, పి.ఎం.ఎస్.డి. చేతులు కలిపి అధికారం నిలుపుకున్నాయి. పొత్తు లేకుండా పెద్ద పార్టీ కూడా ప్రతిపక్షంలోనే కూర్చోవాలన్న పాఠం ఎం.ఎం.ఎం.కు అప్పుడే బోధపడింది. 1982లో అది హరీశ్ బుధు పార్టీతో కలిసి 60–0 గెలిచింది, రామ్‌గులామ్ సొంత స్థానంలోనే ఓడిపోయారు. ఏడాది తిరగకుండానే బెరాంజే, ఎం.ఎం.ఎం. తరఫున ప్రధానమంత్రి అయిన అనిరుధ్ జగన్నాథ్ విడిపోయారు. జగన్నాథ్ ఎం.ఎస్.ఎం. (మిలిటెంట్ సోషలిస్ట్ మూవ్‌మెంట్) స్థాపించి, తాను ఊడ్చిపెట్టిన లేబర్ పార్టీతోనే, దువాల్‌తోనే కలిసి 1983లో మళ్లీ గెలిచారు.

ఆ తరువాతి కథంతా ఈ మూడు నాలుగు పార్టీల కలయికలూ విడిపోవడాలే. వాటిలో 2000 నాటి ఒప్పందం ఒక్కటి మాత్రం ఆగి చెప్పుకోదగింది. జగన్నాథ్ మూడేళ్లు, బెరాంజే రెండేళ్లు ప్రధానమంత్రిగా ఉండాలని ముందే ఓటర్లకు చెప్పి గెలిచారు, 2003లో మాట తప్పకుండా పదవి అప్పగించారు. హిందువు కాని వ్యక్తి ఆ దేశ ప్రధానమంత్రి కావడం అదే మొదటిసారి.

పొత్తు కుదిరితే చాలు, గెలుపు ఖాయమనుకుంటే అదీ పొరపాటే. 2014లో లేబర్, ఎం.ఎం.ఎం. కలిసి, అధ్యక్షుడికి ఎక్కువ అధికారాలిచ్చే కొత్త రాజ్యాంగ ఏర్పాటు తెస్తామని, శివసాగర్ కుమారుడైన లేబర్ నాయకుడు నవీన్ రామ్‌గులామ్ అధ్యక్షుడు, బెరాంజే ప్రధానమంత్రి అవుతారని ప్రకటించాయి. కాగితం మీద అవి రెండూ అతిపెద్ద పార్టీలు. నెలల తరబడి సాగిన ‘కోజ్ కోజే’ (పార్టీల మధ్య లోపాయికారీ మంతనాలను అక్కడ అలా అంటారు) విసుగు పుట్టించిందని మా కర్మాగారంలో అందరూ అనేవారు. వీధుల నిండా లేబర్ ఎర్ర తోరణాలు, ఎం.ఎం.ఎం. ఊదా తోరణాలు వేలాడుతుండగా, ఎం.ఎస్.ఎం. నారింజ రంగు అంతగా కనబడేది కాదు. ఓట్ల లెక్కింపు పోలింగ్ మరునాడు జరుగుతుంది కనుక ఆ రోజంతా రేడియోలు మోగుతూనే ఉన్నాయి. సాయంత్రానికి ఆ పెద్ద పొత్తుకు మిగిలింది 13 స్థానాలు, ఎం.ఎస్.ఎం. నాయకత్వంలోని అవతలి కూటమికి 47. నవీన్ కూడా ఓడిపోయారు. పదేళ్ల తరువాత ఆయనే, అదే ఎం.ఎం.ఎం.తో కలిసి, 60–0తో తిరిగి వచ్చారు. ఈసారి సొంత స్థానం కోల్పోయింది ప్రధానమంత్రి ప్రవింద్ జగన్నాథ్.

నాకు దిగులు కలిగించేది పొత్తులు కాదు, వాటి పైన కూర్చున్న ఇంటిపేర్లు. రామ్‌గులామ్ కుమారుడు, జగన్నాథ్ కుమారుడు, దువాల్ కుమారుడు, మనుమడు కూడా. 2017లో అనిరుధ్ జగన్నాథ్ ఎన్నిక లేకుండానే ప్రధానమంత్రి పదవిని కొడుక్కి అప్పగించారు. సీట్ల బేరం కుదిర్చే నాయకుడే పార్టీకి ప్రాణమైనప్పుడు, ఆ నాయకుణ్ణి మార్చే ధైర్యం పార్టీలో ఎవరికీ రాదు. ఓటరు ప్రభుత్వాన్ని మార్చగలుగుతున్నాడు కానీ పార్టీని మార్చలేకపోతున్నాడు.

వర్గం రాయబోమన్నందుకు నామినేషన్లు తిరస్కరణకు గురైన ‘రెజిస్టాన్స్ ఎక్ ఆల్టర్నేటివ్’ అనే చిన్న వామపక్షం కోర్టులకు, ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీకి వెళ్లింది. అంత పాత జనాభా లెక్కల ఆధారంగా అభ్యర్థులను వర్గం ప్రకటించమనడం హక్కుల ఉల్లంఘనేనని 2012లో కమిటీ తేల్చింది. 2014 ఎన్నికకు మాత్రం తాత్కాలిక సవరణతో ఆ నిబంధనను ఐచ్ఛికం చేశారు. ఆ పార్టీ 2024లో గెలిచిన కూటమిలో భాగస్వామి. ఎన్నికల పద్ధతి మార్చడానికి కావలసిన నాలుగింట మూడు వంతుల మెజారిటీ ఆ ఎన్నికలతో ఆ కూటమికి వచ్చింది. మార్చాలనే నేను కోరుకుంటాను. కానీ బెస్ట్ లూజర్ పోతే తమకు సభలో చోటుండదని భయపడే ముస్లింలకు, అది ఉన్నా చోటు కోసం పార్టీలను అడుక్కోవలసి వస్తున్న తెలుగువారికి ఒకే సవరణ సమాధానం చెప్పాలంటే, ముగ్గురు సభ్యుల నియోజకవర్గాలతో పాటు పార్టీలకు వచ్చిన ఓట్ల నిష్పత్తిలో కొన్ని స్థానాలు చేర్చక తప్పదు.