పదిమందిలో నీ మాట వినిపించాలంటే

అమ్మాయీ,

ఆఫీసులో మీ జాతివాళ్లంటూ ఇంకెవరూ లేరనీ, మీటింగులో నోరు పెగలడం లేదనీ రాశావు. అది పిరికితనమేమోనని బాధపడకు. ఎడ్విన్ ఆర్డెనర్ అనే మానవశాస్త్రవేత్త కామెరూన్‌లో బక్వేరి ప్రజల మధ్య పనిచేసి, 1970లలో ఒక సంగతి ఎత్తిచూపాడు. ఒక సమాజం గురించి పరిశోధకులు రాసేదంతా ఎక్కువగా అక్కడి మగవాళ్లు చెప్పిందే. ఆడవాళ్లకు చెప్పడానికేమీ లేక కాదు. నలుగురిలో చెల్లుబాటయ్యే మాటతీరు మగవాళ్లది కాబట్టి, ఆడవాళ్లు తమ అనుభవాన్ని అందులోకి మార్చుకుని చెప్పాల్సి వచ్చేది. నువ్వు చేస్తున్నదీ ఆ మార్పిడి పనే. దానికి సమయం పడుతుంది, ఈలోగా చర్చ ముందుకెళ్లిపోతుంది.

అందుకని చర్చకొచ్చే అంశాలేమిటో ముందురోజే అడిగి తెలుసుకో. ఒక్క అంశం ఎంచుకుని రెండు వాక్యాలు రాసి పెట్టుకో: మొదటిది నీ అభిప్రాయం, రెండోది దానికి కారణం. చాలామంది కారణంతో మొదలుపెడతారు, అసలు మాట వచ్చేలోపే ఎవరో అడ్డుపడతారు. మొదటి పది నిమిషాల్లోనే నోరు విప్పు. ఆలస్యమైనకొద్దీ గొంతు మరింత బిగుసుకుపోతుంది.

ఎలా మాట్లాడాలన్నది నీకేం కావాలన్నదాన్ని బట్టి ఉంటుంది. మార్క్ ఆర్బ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1990లలో దీన్ని చక్కగా విడమరిచాడు. పలుకుబడి ఉన్న పెద్ద గుంపులో కలిసిపోవడం, తేడాను నిలుపుకుంటూనే వాళ్లతో ఇమడడం, విడిగా ఉండడం అని కోరుకునేవి మూడు. తగ్గి ఉండడం, నిక్కచ్చిగా చెప్పడం, దూకుడుగా వెళ్లడం అని పద్ధతులు మూడు. కలిపి చూస్తే తొమ్మిది దారులు. ఏ దారి పడతామన్నది మన అనుభవం, చేతనైనది, ఆ సందర్భం, వచ్చే లాభనష్టాలను బట్టి తేలుతుంది. ఉద్యోగం పోయే చోట ఊరుకోవడం తప్పేమీ కాదు. కాకపోతే ఊరుకోవాలని నువ్వే నిర్ణయించుకోవాలి, అలవాటుగా మారనివ్వకూడదు.

నీ పేరు తప్పుగా పలికితే మొదటిసారే సరిచెయ్యి. నవ్వుతూ, విడగొట్టి, రెండుసార్లు పలికి చూపించి వెంటనే పనిలోకి వెళ్లిపో. "పర్లేదులెండి" అన్నావో, ఆరు నెలల తర్వాత సరిచేస్తే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారు. మీ వాళ్ల మీద ఎవరైనా జోకు వేస్తే నవ్వకు, ఉపన్యాసమూ ఇవ్వకు. "అంటే ఏమిటండీ? నాకర్థం కాలేదు" అని మామూలు గొంతుతో అడిగి ఊరుకో. విడమరిచి చెప్పాల్సివస్తే అందులోని చులకన వాళ్లకే వినబడుతుంది. అప్పటికీ మానకపోతే తేదీ, అన్న మాట, విన్నవాళ్లు ఎవరో రాసిపెట్టుకో. తర్వాత ఫిర్యాదు చేయాల్సివస్తే అవే పనికొస్తాయి.

నాకు ఎక్కువ దిగులు పుట్టించింది నీ ఉత్తరంలో చివరి ముక్క: అందరికంటే రెండింతలు పనిచేసి నిరూపించుకుంటానన్నావు. ఆ గుంపుకు బయట ఉన్నవాళ్లు పాటించే పద్ధతులంటూ ఆర్బ్ ఇచ్చిన జాబితాలో అదీ ఉంది, తప్పనిసరై చాలామంది పట్టే దారే. మొదట్లో మంచి పేరు వస్తుంది. తర్వాత ఆ రెండింతలే నీ మామూలు కొలతైపోతుంది, ఒక్కరోజు తగ్గినా వెనకబడ్డావంటారు. ఏ రెండు పనుల్లో మేటిగా ఉండాలో ఎంచుకుని, మిగతావి అందరిలాగే చెయ్యి.

"మీవాళ్లు దీని గురించి ఏమనుకుంటారు?" అని అడిగితే "అందరి సంగతీ నేను చెప్పలేను, నా అభిప్రాయమైతే ఇది" అను. లేకపోతే నీ ఒక్కదాని పొరపాటు కూడా జాతి మొత్తం ఖాతాలో పడుతుంది.

పెద్ద గుంపులోంచే నమ్మకస్తుణ్ణి ఒకరిని చూసుకో. సాయం చేయండి అని ఊరికే అంటే వాళ్లకేం చేయాలో తోచదు. "నా మాటను ఇంకొకరు తమదిగా చెబితే, అది ఈమె అన్నదని గుర్తుచేయండి" అని ఫలానా పని అడుగు. అలాగే మీ భాషలో మార్పిడి లేకుండా మాట్లాడుకునే మనుషులు వారానికి ఒక్క గంటైనా ఉండాలి. వేరే శాఖల్లో ఉన్నా సరే, ఈ వారమే వెతుకు. ఎవరు దొరికారో నాకు రాయి.

నీ మేలుకోరే
పెద్దమ్మ