తుపాకీ గుళ్లు దొరకని రోజుల్లో షూటింగ్ హాబీగా పెట్టుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: వయసు 34, ఉద్యోగం హైదరాబాద్‌లో, కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో .22 (0.22 అంగుళాల గొట్టం) రైఫిల్ పేల్చారు. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టి చిన్నచిన్న పోటీలకైనా వెళ్లాలని ఉంది. తూటాలు దొరకడం లేదు, ధరలు మండిపోతున్నాయి, అనవసరంగా దిగవద్దని స్నేహితులు భయపెడుతున్నారు.

దిగండి. కాకపోతే గాలి ఒత్తిడితో పేలే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తోనో ఎయిర్ రైఫిల్‌తోనో దిగండి. .22 జోలికి ఇప్పుడే పోకండి. షాట్‌గన్ సంగతి అసలే వద్దు. ట్రాప్ అనే షాట్‌గన్ పోటీలో ఒక్క అర్హత రౌండుకు 125 మట్టి పళ్లేలు ఎగరేస్తారు, ఒక్కో పళ్లేనికి రెండు తూటాల దాకా పేల్చవచ్చు. అమ్ముకోవడానికి ఎకరాలున్నవారి ఆట అది.

నా కథ కూడా మీలాగే ఎన్‌సీసీతోనే మొదలైంది. కాకినాడలో చదువుకునేటప్పుడు క్యాంపులో మనిషికి ఐదు తూటాలు ఇచ్చారు. బోర్లా పడుకుని పేల్చాక ఐదు ఖాళీ గొట్టాలూ లెక్కపెట్టి అప్పగించాలి. నా పక్కనున్న అమ్మాయి గొట్టం ఒకటి గడ్డిలోకి ఎగిరిపోయింది. అది దొరికేదాకా మధ్యాహ్నం ఎండలో అందరం మోకాళ్లమీద పాకాం. భోజనం మూడింటికి. తూటా అంటే లెక్క చెప్పాల్సిన వస్తువని అప్పుడే తెలిసింది గానీ, బ్యాంకులో పద్దులు రాసే ఉద్యోగంలో పడి ఆ సంగతే మరచిపోయాను.

36వ ఏట ఇక్కడి షూటింగ్ రేంజ్‌లో చేరాను. ఎన్‌సీసీ జ్ఞాపకంతో నేరుగా 50 మీటర్ల .22 రైఫిల్ పట్టుకున్నాను. క్లబ్బు రైఫిలే, తూటాలూ క్లబ్బువే. ఏడాది బాగానే గడిచింది. 2022 తర్వాత సరుకు సన్నగిల్లింది. మొదట వారానికి ఒక డబ్బా, అంటే 50 తూటాలు అన్నారు. తర్వాత ఇరవై. చివరికి రాష్ట్ర జట్టుకు ఎంపికైన పిల్లలకే అన్నారు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే న్యాయమే అనిపిస్తుంది. ఉన్న నాలుగు డబ్బాలు పతకం తెచ్చే పదిహేడేళ్ల పిల్లకు కాక, ఆదివారం సరదాకి వచ్చే నాకెందుకు? అలా ఎయిర్ పిస్టల్‌కు మారాను.

ఈ కరువుకు కారణం మన ఊళ్లో లేదు. పోటీకి పనికొచ్చే .22 తూటాలు ఇంగ్లండులోని ఎలీ, జర్మనీలోని ఆర్‌డబ్ల్యూఎస్ వంటి కంపెనీల నుంచి రావాలి. మన ఆయుధ కర్మాగారాల్లో తయారైన .22 ఎన్‌సీసీకి బాగానే సరిపోతుంది. కానీ 50 మీటర్ల రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లే; అక్కడ తూటాకూ తూటాకూ ఉన్న తేడా వెంటనే బయటపడుతుంది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్‌లో మందుగుండు ముడిసరుకుకు సైన్యాల నుంచి గిరాకీ పెరిగింది. పైగా రూపాయి. 2019లో 80 రూపాయల లోపున్న యూరో 2025లో 100 దాటింది. అంటే అక్కడ ధర పైసా పెరగకపోయినా మనకు పాతిక శాతం పెరిగినట్టే. దిగుమతి అనుమతులు, ఓడ రవాణా దీనికి అదనం.

గాలి తుపాకుల గుళ్లకు మందుగుండుతో పనిలేదు, ఉత్త సీసమే. మంచి రకాలన్నీ అవీ బయటి నుంచే వస్తాయి కాబట్టి వాటి ధరా పెరిగింది. నేను మొదట కొన్న డబ్బాతో పోలిస్తే ఇప్పుడు ఒకటిన్నర రెట్ల పైమాటే. అయినా మంచి .22 తూటా ఒకటి పేల్చే ఖర్చుతో పది దాకా గుళ్లు పేల్చవచ్చని నా లెక్క. డబ్బాకు 500 వస్తాయి. పోటీలో 60 షాట్లు, ముందు గురి సరిచూసుకోవడానికి ఒక ఇరవై. మొత్తం 80 అనుకుంటే డబ్బా ఆరు పోటీలకు వస్తుంది. వారానికి నాలుగు రోజులు ఇదే పద్ధతిలో పేలిస్తే నెలకు రెండున్నర డబ్బాలు. మొదట నేను చేసింది అదే. స్కోరు మాత్రం 600కు 520 దగ్గరే చతికిలబడింది.

ఒక జాతీయ పోటీకి ముందు నెల ఊళ్లో గుళ్లన్నీ ఖాళీ అయిపోయాయి. నా దగ్గర ముప్పావు డబ్బా మిగిలింది. రెండు నెలలు గడపాలి. అప్పుడు మా కోచ్ ఒక హోమియో మాత్రల సీసా చేతిలో పెట్టి, "ఇందులో పట్టినన్నే తీసుకురండి మేడమ్, మిగతావి ఇంట్లో దాచుకోండి" అన్నారు. ముప్పై పట్టాయి. రేంజ్‌కు వెళ్లిన రోజు ఆ ముప్పయ్యే. మిగతా సాధనంతా గుండు లేకుండానే, ఇంట్లో.

ఇంట్లో సాధన అంటే తెల్ల గోడ. లక్ష్యం అతికించకూడదు. చాలా పోటీ పిస్టళ్లలో గాలి వాడకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేసే ఏర్పాటు ఉంటుంది. గొట్టం ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గోడకు ఎదురుగా నిలబడి, ఒంటి చేత్తో పిస్టల్ ఎత్తి, గురి చూసే ముందు మొన మీదే చూపు నిలపాలి. ట్రిగ్గర్ టక్కుమన్న క్షణాన ఆ మొన కదిలిందా? రేంజ్‌లో మనం చూసేది చిల్లు ఎక్కడ పడిందన్నది. గోడ మీద చిల్లు లేదు కాబట్టి కన్ను మొనను వదలదు. మొదటి వారం నా మొన ప్రతిసారీ ఎడమవైపు కిందికి గెంతింది. వేలు ఒక్కటే కాదు, మణికట్టంతా బిగుస్తోందన్నమాట. ఏడాదిగా లక్ష్యం కింద ఎడమ మూలన పడుతున్న ఎనిమిది పాయింట్ల షాట్లకు పిస్టల్‌కు గాలి అందించే సిలిండర్‌ను తిట్టుకున్నాను!

రోజూ ఇరవై నిమిషాలు, నలభై సార్లకు మించకుండా. కర్టెన్ వేసుకోండి. నేను వేసుకోక, ఎదురు ఫ్లాట్‌లోని పెద్దావిడ మా అత్తగారికి ఫోను చేసి, "మీ కోడలు గోడతో గొడవ పడుతోంది, కాస్త చూడండి" అన్నారు.

రెండు నెలలు ఇలా గడిచాక రాష్ట్ర పోటీలో 541 వచ్చింది. ఇదేమీ గొప్ప కాదు. పారిస్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల అర్హత రౌండులో మను భాకర్ కొట్టింది 580. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. వాళ్ల లోకం వేరు. ఉద్యోగం, పిల్లల పరీక్షల మధ్య, ఇదివరకటి గుళ్లలో మూడో వంతు కూడా ఖర్చు చేయకుండా ఇరవై పాయింట్లు పెరిగాయంటే నాకది చాలు.

కరువులో నేను చేసిన ఒక తెలివితక్కువ పని కూడా చెప్పాలి. ఎక్కడా దొరకనప్పుడు ఒక దుకాణంవాడు అదే రకం ఉందంటే మూడు డబ్బాలు ఎగబడి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే గుండు తల కొలత 4.50 మిల్లీమీటర్లు, నా పిస్టల్‌కు పొసిగేది 4.49. కొన్నింటికి అంచులు నొక్కుకుపోయి ఉన్నాయి కూడా. పేలిస్తే లక్ష్యం మీద చిల్లుల గుంపు రూపాయి బిళ్ల నుంచి అరచేయంత అయింది. వెనక్కి తీసుకోనన్నాడు. మీరు ముందు ఒకే డబ్బా కొని పరీక్షించండి. నచ్చితే అదే కొలత, డబ్బా మీద అదే బ్యాచ్ సంఖ్య ఉన్నవి ఇంకో రెండు కొనండి. అంతకు మించి దాచుకోవద్దు, అందరూ దాచుకోవడం వల్లే సగం కరువు. హోమియో సీసా అన్నాను కదా, దాన్ని మళ్లీ మందులకు వాడకండి. సీసం విషం. రేంజ్ నుంచి రాగానే చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తినాలి.

తుపాకీ మొదటి ఆరు నెలలు కొనవద్దు, క్లబ్బుదే వాడండి. తర్వాత పాతది చూసుకోండి; 25 మీటర్ల పిస్టల్ పోటీలకు మారే పిల్లలు అమ్ముతూ ఉంటారు. నాదీ అలా వచ్చిందే. గాలి సిలిండర్ మీద తయారీ తేదీ తప్పకుండా చూడండి. వాటికి కంపెనీ పెట్టిన గడువు ఉంటుంది, చాలావాటికి పదేళ్లు. గడువు తీరితే కొత్తది కొనాలి, దానితో పాత పిస్టల్ చవక కాస్తా మాయమవుతుంది. లైసెన్సు భయం వద్దు: 4.5 మిల్లీమీటర్లకు మించని గొట్టం, 20 జౌల్స్‌కు మించని శక్తి ఉన్న గాలి తుపాకులకు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. 10 మీటర్ల పిస్టళ్ల శక్తి అందులో సగం కూడా ఉండదు. అలాగని సంచిలోంచి బయటికి తీసి ఆటోలో చూపించకండి. పెట్టెలోనే ఉండాలి, రసీదు వెంట ఉండాలి.

.22 మీద మనసు లాగితే, రాష్ట్ర పోటీలో ఎయిర్ రైఫిల్ స్కోరు చూపించాక క్లబ్బును అడగండి, అప్పటికి సరుకు ఉంటే ఇస్తారు. మొదటి రోజు చదునైన అడుగున్న బూట్లు వేసుకుని, కడుపు నిండా తినకుండా రండి. ఉదయం ఏడింటికల్లా వస్తే ఎయిర్ పిస్టల్ లైన్లు ఖాళీగా ఉంటాయి.