ఇల్లు అన్నకి, పిల్లి నీకు

తిరుపతి నుంచి రాసిన అమ్మాయీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివా. అమ్మ పోయి ఎనిమిది నెలలు, అమ్మ పెంచిన పదమూడేళ్ల మగపిల్లిని చిత్తూరు నుంచి బుట్టలో పెట్టుకుని తెచ్చుకున్నావు, మూడు నెలలుగా అది ఒంటికి పోవడానికి పెట్టిన లిట్టర్ బాక్స్ వదిలేసి దేవుడి గది ముందు గోనెపట్టా మీద, మడతపెట్టిన బట్టల మీద ఒంటికి పోతా ఉంది, అత్తగారు రోజూ సణుగుతా ఉంది. ఆ డబ్బాలో పోసే లిట్టర్ ఏ కంపెనీది మంచిది, కుదరకపోతే చంద్రగిరి పక్క వదిలేసి వస్తే పాపమా అని అడిగావు.

కంపెనీ సంగతి నన్నడగొద్దు. వదిలేయడం మాత్రం పాపమే, ఇంట్లో తిని పడుకున్న ముసలి ప్రాణం వీధికుక్కల మధ్య ఏం బతుకుతుంది, ఆ మాట మళ్లీ ఎత్తొద్దు.

నాకు గుచ్చుకుంది వేరే. నాలుగు పేజీల్లో ఒకటిన్నర పేజీ మీ అన్న గురించే. "ఇల్లు వాడికి, పిల్లి నాకు" అని రాసి కింద గీత కూడా గీశావు. ఆడపిల్ల పుట్టింట్లో చెయ్యి చాపకూడదంట, అభిమానమంట. వీలునామా రాయకుండా పోయిన అమ్మ ఆస్తిలో కొడుక్కెంతో కూతురికీ అంతే, అది చెయ్యి చాపడం ఎట్లవుతుంది? సరే, ఇల్లు అడుగుతావో వదిలేస్తావో నీ ఇష్టం. కానీ అక్కడ నోరు మూసుకుని ఆ మంటంతా ఇక్కడ పిల్లి వీపు మీద చూపిస్తే దాన్ని అభిమానం అనరు తల్లీ. రెండు దెబ్బలు వేస్తున్నానని నువ్వే రాశావు. దెబ్బకి అది నేర్చుకునేది నిన్ను చూసి దాక్కోవడం ఒక్కటే, ఇంకా కొత్త మూలలు వెతుక్కుంటుంది.

అది పంతానికి చేయట్లా. ఆ వయసులో కిడ్నీలు చెడినా షుగరొచ్చినా ఊరికే నీళ్లు తాగి ఊరికే పోస్తాయి, కీళ్లనొప్పులుంటే ఎత్తు గోడ దాటి డబ్బాలోకి దిగలేవు, నొప్పి బయటికి చూపించవు కూడా. వెటర్నరీ యూనివర్సిటీ మీ ఊర్లోనే ఉంది కదా, అక్కడి ఆసుపత్రికి ఎత్తుకుపోయి రక్తం, మూత్రం పరీక్ష చేయించు. మగపిల్లి కాబట్టి ఇంకోటి, ముక్కుతా కూర్చున్నా చుక్క రాలేదంటే పొద్దున దాకా ఆగొద్దు, దారి మూసుకుపోతే ఒకట్రెండు రోజుల్లో ప్రాణమే పోతుంది. పాపం నొప్పి అని మన పారాసెటమాల్ ముక్క వేసేవు, పిల్లికది విషం. ఫినాయిల్‌తో తుడుస్తున్నానన్నావే, అదీ మానెయ్, కాళ్లకంటి నాకితే ప్రమాదం. మూత్రం వాసనని మూలంతో పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ వాడు, పాత వాసన పూర్తిగా పోకపోతే మళ్లీ ఆ చోటికే పోతుంది.

ఇప్పుడు మీ అన్న. ఆదివారం ఫోన్ చెయ్యి. వదిన ఎత్తితే బాగున్నారా అంటే బాగున్నామని పెట్టేయకు, అన్నకిమ్మను. అమ్మ దగ్గర అది ఎక్కడికి పోయేదో అడుగు, పెరట్లో ఇసకలోనా మట్టిలోనా? ఇన్నేళ్లు మెత్తటి ఇసక తవ్వుకున్న కాళ్ల కింద గుచ్చుకునే క్రిస్టల్స్ లిట్టర్ పోస్తే ఎందుకు దిగుతుంది? ఆ ఇసకే ఒక గోతాం పంపమను, ఆసుపత్రి ఖర్చులో సగం వాడే పెట్టుకోవాలని కూడా చెప్పు. ఇస్తాడో లేదో వాడిష్టం, అడగడం నీ పని.

అత్తగారికి నేనేం చెప్పను, దేవుడి గది ముందు వాసనొస్తే ఎవరైనా సణుగుతారు. ఫోన్ దాకా ఆగకుండా ఈరోజే ప్లాస్టిక్ టబ్బులు రెండు తెచ్చి ఒక పక్క గోడ రెండంగుళాలకి కోసెయ్, అంచు గీసుకోకుండా టేప్ వెయ్యి, వాషింగ్ మెషిన్ చప్పుడు లేని చోట పెట్టు.