స్పిన్ కిక్‌కు కౌంటర్: యువ రచయితకు ఒక లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

తైక్వాండో స్పారింగ్ మీద, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధన మీద, నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. భాష నీకు బాగానే లొంగింది. అయితే స్పిన్ కిక్‌ను, అంటే ఒళ్ళు గిర్రున తిప్పి వేసే తన్నును, ఎదుర్కోవడం ఎలాగో చెబుతానని మొదలుపెట్టి, ముప్పాతిక భాగం తన్నేవాడి విన్యాసాన్ని వర్ణించడానికే ఖర్చుపెట్టావు; ఎదుట నిలబడినవాడు చివరి పేరాలో వచ్చి, ‘చాకచక్యంగా తప్పుకుని’, తిరిగి తన్ని వెళ్ళిపోయాడు. నేర్చుకోవాలని చదివే మనిషికి కావలసినదంతా ఆ తప్పుకోవడంలోనే ఉంది. అక్కడ ఏం జరిగిందో రాయి.

ఒళ్ళు తిప్పి మడమతో కొట్టే స్పిన్నింగ్ హుక్ కిక్ కాలితో మొదలుకాదు. ముందున్న పాదం మునివేళ్ళ మీద మలుపు తీసుకుంటుంది, భుజాలు తిరుగుతాయి, తల చుట్టూ తిరిగి లక్ష్యాన్ని వెతుక్కుంటుంది. వెనక కాలు లేచేది ఆ తర్వాతే. తల తిరిగి చూపు మళ్ళీ కుదురుకునేలోపు తన్నేవాడు ఎదుటివాడిని సరిగా చూడలేని రెప్పపాటు ఒకటి ఉంటుంది. కౌంటర్, అంటే ఎదురుదెబ్బ, ఇచ్చేవాడికి దొరికే అవకాశం అదే. అప్పుడతను ఒక్క అడుగు లోపలికి దూసుకెళ్ళి ఒంటికి ఒళ్ళు ఆనించేస్తే, మడమ అతన్ని దాటి వెనక్కి పోతుంది, తగిలితే తొడ తగులుతుంది. లేదా ముందు కాలు ఎత్తి, నడుముకు పైన చెస్ట్ గార్డ్ మీద కట్ కిక్, అంటే ఎదుటివాడి ఊపును ఆపే తన్ను, వేస్తే తిరుగుడు సగంలో తెగిపోతుంది. అదీ కాకపోతే అర అడుగు వెనక్కి జారి, మడమ ముఖం ముందునుంచి దాటిపోగానే, ఆ కాలు నేలమీద స్థిరపడేలోపు రౌండ్ కిక్, అంటే పక్కనుంచి వంపు తిరిగి వచ్చే తన్ను, వేయవచ్చు. ఇలా జారేటప్పుడు బరువంతా వెనక కాలిమీద పడేలా ఒళ్ళు వాల్చినవాడు దెబ్బ తప్పించుకుంటాడు గానీ తిరిగి కొట్టలేడు. ఇద్దరి ముందుకాళ్ళూ ఒకే వైపువా, లేక ఒకరిది ఎడమ, ఇంకొకరిది కుడి కాలా అన్నది ముందే చెప్పకపోతే ఈ వర్ణనంతా పాఠకుడికి గందరగోళమే.

డ్రిల్స్‌ను నువ్వు ‘జోడీతో సాధన చేయాలి’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నేనైతే వ్యాసంలో సగం చోటు వాటికే ఇస్తాను. మొదట కాలు లేవకూడదు. ఒకరు భుజం తిప్పుతారు, రెండోవారు అది చూసి లోపలికో వెనక్కో అడుగు వేస్తారు, అంతే. అది కుదిరాక కిక్ సగం వేగంతో వస్తుంది, అదికూడా మడమతో కాక అరికాలు తగిలేలా; ఎందుకంటే మడమ బలంగా తగిలితే హెడ్ గార్డ్ ఉన్నా మెదడుకు అదురు తప్పుతుందన్న భరోసా లేదు. అసలు కిటుకు ఆపై మెట్టులో ఉంది. రాబోయేది స్పిన్ కిక్కేనని ముందే తెలిసి చేసే డ్రిల్ కాళ్ళకు నేర్పుతుంది గానీ కళ్ళకు ఏమీ నేర్పదు. కనుక తన్నేవాడికి రౌండ్ కిక్, స్పిన్ కిక్ రెండూ ఇచ్చి, ఏది వేస్తాడో చెప్పకుండా వేయించాలి. వెనక కాలితో రౌండ్ కిక్ వేస్తే ఆ వైపు భుజం ముందుకు వస్తుంది. స్పిన్‌కు అదే భుజం వెనక్కి పోయి వీపు కనిపిస్తుంది. ఈ తేడా పట్టుబడేదాకా సాధకుడు తటపటాయించి దెబ్బలు తింటాడు. ఆ తటపటాయింపును రాయి; కోచింగ్ పుస్తకాల్లో సాధారణంగా కనిపించనిది అదే.

నియమాలు చెప్పేటప్పుడు ఏ సమాఖ్యవో, ఏ ఏటివో రాయడం మరిచిపోకు. ఐటీఎఫ్ (అంతర్జాతీయ తైక్వాండో సమాఖ్య) పోటీల్లో ముఖం మీద పంచ్ చెల్లుతుంది, ఒలింపిక్స్ నియమాలు చూసే వరల్డ్ తైక్వాండో సమాఖ్యలో చెల్లదు. కాబట్టి లోపలికి దూసుకెళ్ళడమన్నది రెండుచోట్లా ఒకటే సలహా కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్ నాటి నియమాల్లో ఛాతీకి మామూలు కిక్ 2 పాయింట్లు, ఒళ్ళు తిప్పి వేసినది 4. తలకైతే 3, 5. ఇంత లాభం ఉంది కనుకే వెనకబడినవాడు చివరి సెకన్లలో స్పిన్‌కు తెగిస్తాడు. కింద పడితే మాత్రం ఎదుటివాడికి ఒక పాయింటు దక్కుతుంది. వీపు కనిపించింది కదా అని వెన్నెముక మీద తన్నడానికి వీల్లేదన్నది కూడా చెప్పు, కొత్తవాళ్ళకు ఆ ఆశ పుడుతుంది.

ఒక మ్యాచ్ చూడమంటాను: 2004 ఏథెన్స్ ఒలింపిక్స్, 80 కిలోల పైబడిన పురుషుల ఫైనల్. దక్షిణ కొరియాకు చెందిన మూన్ దే-సంగ్ ఒళ్ళు తిప్పి వేసిన హుక్ కిక్‌కు గ్రీస్ ఆటగాడు అలెగ్జాండ్రోస్ నికొలాయిడిస్ సొంత ప్రేక్షకుల ముందే నాకౌట్ అయ్యాడు. అందరూ మూన్ కాలినే చూస్తారు. నువ్వు శబ్దం ఆపేసి, ఆ కిక్‌కు ముందు క్షణాలను నెమ్మదిగా తిప్పి, నికొలాయిడిస్ పాదాలను చూడు. ఇద్దరి మధ్య దూరం ఎలా మారింది, బరువు ఏ కాలిమీద ఉంది, పైన నేను చెప్పిన మూడు దారుల్లో ఏది ఇంకా తెరిచి ఉంది అన్నవి రాసి చూడు. విశేషణం ఒక్కటీ వాడకు.

సవరించిన ప్రతికి ఫోటో జతచేస్తే, కాలు గాలిలో ఉన్నది వద్దు. భుజం అప్పుడే తిరిగినదీ, ఇద్దరి నాలుగు పాదాలూ కనిపించేదీ ఎంచుకో.